కోడికి పాలోళ్లు గోదారి లోయలో

నిజామాబాద్ నుంచి ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి మన దగ్గర చాలామందికి పసుపు బండ్ల తొవ్వ, పెళ్లిళ్ల తొవ్వ, ధర్మపురి నరసింహస్వామి తొవ్వ. అది ధర్మపురితో ఆగదు. రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్సెట్టిపేట, మంచిర్యాల, చెన్నూరు చూసుకుంటూ పోయి, ప్రాణహిత దాటి సిరొంచలో తేలుతుంది. ప్రపంచంలోని పాత డైనోసార్లను చదివే శాస్త్రవేత్తలందరికీ ఈ తొవ్వ చివరి సగం తెలుసు. వాళ్ల పుస్తకాల్లో మన పల్లెల పేర్లున్నాయి. కోరుట్ల బస్టాండు ముందు నిలబడ్డ డిగ్రీ విద్యార్థికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల కింద ఉన్నది గ్రానైట్, దాని అన్నదమ్ములైన గట్టి రాళ్లు. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమ్మీద ఇంకా ఏ ప్రాణికీ ఎముక అన్నదే పుట్టని కాలం అది. ఆ గుట్టల్లో డైనోసార్ కోసం వెతకడం వృథా శ్రమ. గోదావరి దాటి మంచిర్యాల దగ్గర పడేసరికి నేల మారిపోతుంది. అక్కడ బొగ్గుంది. జగిత్యాల చుట్టుపక్కల పల్లెల నుంచి బొగ్గుబాయి నౌకరీకి పోయినవాళ్లు లేని ఊరు అరుదు. వాళ్లు దిగిన సింగరేణి బొగ్గు పొరకు పైన, అంటే ఆ తర్వాతి కాలంలో, ఎర్రమట్టి, ఇసుకరాయి, సున్నపురాయి ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. భూగర్భ శాస్త్రం ఆ పొరలకు యెర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట అని పేర్లు పెట్టింది. అన్నీ ఊళ్ల పేర్లే. దాదాపు 24 కోట్ల ఏళ్ల కిందటి నుంచి 17 కోట్ల ఏళ్ల కిందటి దాకా, మధ్యలో ఖాళీలున్నా, ఇంత వరుసగా నేలమీది జంతువుల చరిత్రను దాచిన లోయలు ప్రపంచంలో ఎక్కువ లేవు.

పక్షి డైనోసార్ల వంశంలోదేనని ఇవాళ శాస్త్రలోకం ఒప్పుకుంది. ఆ కథ చెప్పమంటే అందరూ జర్మనీలో దొరికిన రెక్కల జీవి ఆర్కియోప్టెరిక్స్ దగ్గర మొదలుపెడతారు, చైనాలో ముగిస్తారు. మన పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలోనూ ఆ బొమ్మ ఉంది. అదే పుస్తకంలో, అదే పాఠంలో గోదావరి లోయ కోటసారస్ కూడా ఉంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న చుట్టరికాన్ని పిల్లలకు విప్పి చెప్పకపోతే రెండూ మార్కుల ప్రశ్నలుగానే మిగిలిపోతాయి. ఆ చుట్టరికం చెప్పడానికే ఈ కథనం.

నాటుకోడిని ఒకసారి చూడండి

ఆదివారం పూట కోడిని కోసి, ఈకలు పీకి, మంట మీద కాల్చాక, ముక్కలు కొట్టేముందు రెండు నిమిషాలు ఆగండి. రెక్కను పట్టుకుని మెల్లగా విప్పి లాగండి. భుజం, మోచేయి, మణికట్టు వరుసగా కనిపిస్తాయి. మణికట్టు పక్కన చిన్న మొనలా ఒకటి పొడుచుకొస్తుంది. అది ఒక వేలు. కొన్ని కోళ్లకు దాని చివర చిన్న గోరు కూడా ఉంటుంది. దాని వెనక పొడుగ్గా, ఒకదానికొకటి అంటుకుపోయినవి మరో రెండు వేళ్లు. మొత్తం మూడు. ఆర్కియోప్టెరిక్స్‌కు ఇవే మూడు వేళ్లు విడివిడిగా, వాడి గోళ్లతో ఉండేవి. రెండు కాళ్ల మీద నడిచి వేటాడిన చిన్న డైనోసార్లకూ ఇవే మూడు.

ఇప్పుడు మెడ మొదట్లో, రొమ్ముకు ముందు, పంగలా చీలిన సన్నటి ఎముకను వేలితో తడమండి. రెండు జత్రుకలు, అంటే మనకు మెడ కింద అటూ ఇటూ ఉండే ఎముకలు, కోడిలో కలిసిపోయి అలా అయ్యాయి. ఈ చిన్న ఎముకే ఒకప్పుడు పక్షి కథను అరశతాబ్దం పాటు తప్పుదారి పట్టించింది. ఆ సంగతి ముందుకు వస్తుంది. తోక మొదట్లో ఉండే బొడిపె కూడా ముఖ్యమైనదే. గుడ్డులో పిండం తొలి రోజుల్లో తోక ఎముకలు విడివిడిగా వరుస కడతాయి. పెరిగేకొద్దీ చివరివి కలిసిపోయి ఆ బొడిపె అవుతాయి. ఆర్కియోప్టెరిక్స్‌లో అవి కలవలేదు. 20కి పైగా ఎముకలతో బల్లికి ఉన్నంత పొడుగు తోక దానికి ఉండేది. ఇక కోడి కాలి మీద పలకలు పలకలుగా ఉండే పొలుసుల గురించి చెప్పే పని లేదు, చూస్తే చాలు.

పీకి పడేసిన ఈకల్లోంచి రెక్క ఈకను ఒకటి తీసి చేతిలో పెట్టుకోండి. సిరిసిల్లలో సాంచాల మధ్య పెరిగినవాళ్లకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. దూరం నుంచి చూస్తే ఈక నేసిన బట్టలా ఉంటుంది. నడిమి కాడ నుంచి రెండు వైపులా సన్నటి పోగులు, ఒక్కో పోగుకు మళ్లీ కంటికి ఆనని నూగు పోగులు. బట్టలో పడుగు కింద పేక దూరి బిగుస్తుంది. ఈకలో దూరడం లేదు, కొక్కేలున్నాయి. ఒక పోగు నూగుకు ఉన్న కొక్కేలు పక్క పోగు నూగును పట్టుకుంటాయి. ఈకను మధ్యలో చీల్చి, రెండు వేళ్ల మధ్య పెట్టి కింది నుంచి పైకి నిమిరితే మళ్లీ అతుక్కుంటుంది. బట్ట చిరిగితే రఫ్ఫు చేయాలి, ఈకకు ఆ అవసరం లేదు. కాకి, పిచ్చుక కూర్చున్నచోట ముక్కుతో ఈకలు సవరించుకునేది ఈ కొక్కేలను మళ్లీ తగిలించుకోవడానికి కూడా.

ఇంత పనితనం ఎగరడం కోసమే ఒక్కసారిగా పుట్టిందా? పుట్టలేదు. మొదట నూగులాంటి వెంట్రుక, తర్వాత కుచ్చు, ఆ తర్వాత కాడ, చివరికి కొక్కేల పలక. చైనా రాళ్లలో ఈ మెట్లన్నీ కనిపించాయి. ఎగరలేని డైనోసార్లకూ ఈకలుండేవి. వెచ్చదనానికి, ఆడదాని ముందు మగది సోకు చూపడానికి, బహుశా గుడ్లను కప్పడానికి అవి పనికొచ్చాయి. ఎగురుడు తర్వాత వచ్చింది.

ఆవు కోసం అమ్ముడుపోయిన రాయి

జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో జోల్న్‌హోఫెన్ అనే ఊరి చుట్టూ సున్నపురాయి గనులున్నాయి. రాయి ఎంత నున్నగా, సన్నటి రేణువుతో ఉంటుందంటే, దానిమీద బొమ్మ గీసి ముద్రించే పద్ధతి ఒకటి 1796లోనే పుట్టింది. ఈ అచ్చురాయి కోసం పలకలు తీస్తుంటే 1860లో ఒక ఈక ముద్ర బయటపడింది. మరుసటి ఏడాది, 1861లో, ఈకలతో సహా ఒక జంతువు ఎముకలగూడు దొరికింది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ మాయర్ దానికి ఆర్కియోప్టెరిక్స్ అని పేరు పెట్టాడు. వయసు సుమారు 15 కోట్ల ఏళ్లు. కాకి అంత ఒడ్డు, ఈకల రెక్కలు, కానీ వేళ్లకు గోళ్లు, ఎముకల తోక.

డార్విన్ పుస్తకం అచ్చయి అప్పటికి రెండేళ్లే. ఒక జాతి మరో జాతిగా మారుతుందంటే ఆ మధ్య రూపం ఏదీ అని అందరూ ఆయన్ను నిలదీస్తున్న సమయం. రాయి ఒక వైద్యుడి చేతిలో ఉంది. లండన్ మ్యూజియం తరఫున రిచర్డ్ ఓవెన్ 1862లో 700 పౌండ్లు పోసి, మిగతా శిలాజాలతో కలిపి కొన్నాడు. డార్విన్ వాదం నచ్చని ఓవెన్ దాన్ని పక్షి అని తేల్చేశాడు. డార్విన్ పక్షాన నిలిచిన థామస్ హక్స్‌లీ ఊరుకోలేదు. బవేరియాలో అలాంటి సున్నపురాయిలోనే దొరికిన కాంప్సోగ్నాథస్ అనే కోడిపెట్టంత డైనోసార్‌ను పక్కన పెట్టి, తొడ ఎముక, చీలమండ, తుంటి పోల్చి, 1868లో పక్షులకూ డైనోసార్లకూ చుట్టరికం ఉందని గట్టిగా వాదించాడు.

దాదాపు 1875 ప్రాంతంలో రెండోది దొరికింది. తల, పళ్లు, రెక్కలు చాచిన ఈకలు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్న రాయి. దొరికిన రైతు దాన్ని అమ్మి ఆవు కొనుక్కున్నాడని అంటారు. ఇప్పుడది బెర్లిన్‌లో ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఆర్కియోప్టెరిక్స్ బొమ్మగా ఎక్కువగా కనిపించేది ఆ రాయే.

హక్స్‌లీ మాట నెగ్గిందా అంటే, మధ్యలో కోడి పంగ ఎముక అడ్డొచ్చింది. డెన్మార్క్‌కు చెందిన గెర్హార్డ్ హైల్‌మన్ 1926లో అచ్చయిన పుస్తకంలో పక్షికీ చిన్న డైనోసార్లకూ ఉన్న పోలికలన్నీ తనే లెక్కపెట్టాడు. కానీ డైనోసార్లకు జత్రుకలే లేవు, పోయిన ఎముక మళ్లీ పుట్టదు, కాబట్టి పక్షి వాటి నుంచి వచ్చి ఉండదని తీర్పు చెప్పాడు. ఆ తీర్పు చాలా ఏళ్లు చెల్లింది. డైనోసార్లకు ఆ ఎముక ఉందని తర్వాత ఒక్కొక్కటిగా బయటపడింది. సన్నటిది కాబట్టి చాలా శిలాజాల్లో అది నిలవలేదంతే. దొరకలేదు కాబట్టి లేనే లేదనడం ఎంత ప్రమాదమో చూడండి. గోదావరి లోయ విషయంలో ఈ మాట నాకు పదే పదే గుర్తొస్తుంది.

దారి మళ్లించినవాడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ ఆస్ట్రమ్. 1964లో మోంటానాలో డైనోనికస్ అనే చురుకైన వేటాడే డైనోసార్‌ను బయటపెట్టి, దాని మణికట్టు ఎముకకూ ఆర్కియోప్టెరిక్స్ మణికట్టుకూ తేడా లేదని చూపించాడు. 1970లో నెదర్లాండ్స్‌లోని ఒక మ్యూజియంలో ఎగిరే సరీసృపం అని వందేళ్లకు పైగా చీటీ అంటించి ఉన్న రాయిని వాలుగా వెలుగుకు పట్టి చూస్తే ఈకల గీతలు కనిపించాయి. జర్మనీలోనే మరో రాయి కాంప్సోగ్నాథస్ పేరుతో ఏళ్ల తరబడి పడి ఉండి, 1970ల్లో ఆర్కియోప్టెరిక్స్‌గా తేలింది. అంటే ఈకల ముద్ర కంటపడకపోతే నిపుణులే దాన్ని డైనోసార్ అనుకున్నారు. చుట్టరికానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

1996లో చైనాలోని లియావోనింగ్ రాష్ట్రంలో నూగు ఈకలతో సైనోసారోప్టెరిక్స్ దొరికాక వాదన ముగిసినట్టే. ఆ తర్వాత పదులకొద్దీ ఈకల డైనోసార్లు వచ్చాయి. నాలుగు రెక్కల మైక్రోరాప్టర్ ఒకటి, 9 మీటర్ల పొడుగున్నా ఒంటినిండా నూగున్న యుటిరానస్ ఒకటి. ఇప్పటికీ ఆర్కియోప్టెరిక్స్ రాళ్లలో కొత్త సంగతులు బయటపడుతూనే ఉన్నాయి. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం రాయిపై 2025లో వచ్చిన అధ్యయనం, రెక్కకూ ఒంటికీ మధ్య సందును కప్పే లోపలి ఈకలు దానికి ఉన్నాయని చూపింది. ఎగరలేని ఈకల డైనోసార్లలో అవి కనిపించవు. అవి ఉన్నాయంటే గాలి ఆ సందులోంచి జారిపోదు, ఎగరడానికి వీలవుతుంది.

అయినా ఆర్కియోప్టెరిక్స్ మన కోడికి నేరుగా తాత కాదు. ఒకే మూలపురుషుడి నుంచి వేరుపడ్డ మరో ఇంటివాళ్లు. మన ఊళ్లల్లో చెప్పాలంటే పాలోళ్లు. పాలోళ్లలో కొన్ని ఇండ్లు మిగిలాయి, కొన్ని ఆరిపోయాయి. మిగిలిన ఇల్లు పక్షిది.

తొవ్వ చివరి ఊళ్లు

ఈ పాలోళ్లలో బాగా పాతవాళ్ల ఎముకలు ప్రాణహిత, గోదావరి మధ్య ఉన్నాయి. నాగపూర్‌లో ఉండిన స్కాట్లాండ్ పాదిరి స్టీఫెన్ హిస్లాప్ 1850ల్లోనే కోట, మలేరి ఊళ్ల నుంచి శిలాజాలు ఏరించాడు. కోట ఊరు ప్రాణహిత తూర్పు ఒడ్డున, గోదావరి కూడలికి కొంచెం ఎగువన ఉంటుంది. అక్కడి సున్నపురాయిలో పొలుసులతో సహా చేపలు దొరికాయి. మలేరి ఎర్రమట్టిలో మొక్కలు తిని బతికిన రింకోసార్ అనే సరీసృపం దొరికింది. దానికి 1881లో రిచర్డ్ లిడెక్కర్ అనే శాస్త్రవేత్త హక్స్‌లీ పేరే పెట్టాడు. పక్షికి డైనోసార్‌తో చుట్టం కలిపిన హక్స్‌లీయే. మన మట్టికీ ఆ వాదానికీ ముడి అప్పుడే పడింది.

అసలు తవ్వకం స్వాతంత్ర్యం వచ్చాక మొదలైంది. కలకత్తాలో గణాంక శాస్త్రం కోసం పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ఎముకలతో ఏం పని అనిపిస్తుంది. దాన్ని స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్‌కు అలా అనిపించలేదు. 1957లో లండన్ నుంచి శిలాజ శాస్త్రవేత్త పమేలా లాంప్లూ రాబిన్సన్‌ను పిలిపించి భూగర్భ విభాగం పెట్టించాడు. టి.ఎస్. కుట్టి, సోహన్‌లాల్ జైన్, తపన్ రాయ్‌చౌధురి, శంకర్ చటర్జీ ఈ లోయను జల్లెడ పట్టారు. సిరొంచ ప్రాంతంలోని పోచంపల్లి దగ్గర, మన చీరల పోచంపల్లి కాదు, సుమారు 300 ఎముకలు దొరికాయి. కనీసం ఆరు జంతువులవి. తొడ ఎముక ఒక్కటే దాదాపు 1.7 మీటర్లు. రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి 1961లో తవ్వకం జరిగింది కాబట్టి 1975లో దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ఆ ఎముకల గూడు కోల్‌కతాలో ఆ సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది.

రెండోది మనకు ఇంకా దగ్గరిది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర 2,400 చదరపు మీటర్ల జాగాలో 840 ఎముకలు బయటికి తీయించారు. కనీసం 12 జంతువులవి. పుర్రెలు మాత్రం దొరకలేదు, రెండు పళ్లు దొరికాయి. 1988లో ఆయన దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మన పిల్లలు నోరు తెరుచుకుని చూసేది దాన్నే. ఒక పల్లె పేరు ఒక జంతువు పేరులో కలిసి శాశ్వతమైపోవడం మామూలు విషయం కాదు.

బరపాసారస్, కోటసారస్ పొడుగు మెడ శాకాహారులు. వంశవృక్షంలో పక్షిది వీటి పక్క కొమ్మ, రెండు కాళ్ల మీద పరుగెత్తి వేటాడినవాళ్లది. వేటాడే డైనోసార్లూ ఈ లోయలో ఉన్నాయి. మలేరి పై పొరలో, అన్నారం దగ్గర, 1980ల్లో కుట్టి ఏరిన తుంటి, వెన్ను ఎముకలకు 2025లో పేరు వచ్చింది, మలేరిరాప్టర్ కుట్టియై. సుమారు 22 కోట్ల ఏళ్లది. డైనోసార్లు భూమ్మీద కొత్తగా కాళ్లూనుకుంటున్నప్పటి వేటజాతి హెర్రెరాసార్ల కుటుంబం. దక్షిణ అమెరికాలో బాగా తెలిసిన ఈ కుటుంబం ఇక్కడా ఉండడంలో వింత లేదు, అప్పటికి ఆ ఖండమూ మన దేశమూ ఒకే నేల. మళ్లీ పొడుగు మెడ వాళ్ల వైపు చూస్తే, అదే పొరలోని జక్లపల్లి, నంబాల ఊళ్ల పేర్లతో 2011లో జక్లపల్లిసారస్, నంబాలియా వచ్చాయి. ధర్మారం పొర నుంచి రాబిన్సన్ పేరిట లాంప్లూసారా, ఆ సంస్థలో ఏళ్ల తరబడి శిలాజాలు ఏరిన ప్రధాన్ అనే సేకరణకర్త పేరిట ప్రధానియా 2007లో వచ్చాయి. ఆచార్యుల పేర్లు జంతువులకు పెట్టడం లోకంలో మామూలే. ఎండలో రాళ్లు తిరగేసి ముక్కను గుర్తుపట్టిన మనిషి పేరు పెట్టడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఎర్రమట్టిలో నేర్చిన కన్ను

ఈ కథలో శంకర్ చటర్జీది ప్రత్యేకమైన చోటు. కోల్‌కతాలో పుట్టి, మలేరి మట్టిలో పని నేర్చుకుని, రింకోసార్ మీద, మొసలిని పోలిన పారాసుకస్ మీద గట్టి పని చేసి, 1979లో టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడి ఎర్రమట్టి కూడా మలేరి కాలానిదే. 1980ల మొదట్లో పోస్ట్ అనే ఊరి దగ్గర చెల్లాచెదురుగా పడి ఉన్న చిన్న ఎముకలు ఆయనకు దొరికాయి. మెదడు గూడు, మెడ ఎముకలు పక్షివిలా కనిపించాయి. 1986లో ప్రపంచానికి ప్రకటించారు, 1991లో ప్రోటోఏవిస్ అని పేరు పెట్టారు, తొలి పక్షి అని అర్థం. ఆ లెక్కన పక్షి పుట్టుక ఆర్కియోప్టెరిక్స్ కన్నా ఆరేడు కోట్ల ఏళ్లు వెనక్కి పోతుంది.

చాలామంది ఒప్పుకోలేదు. రెండు మూడు రకాల జంతువుల ముక్కలు ఒకేచోట కలిసిపోయి ఒక జంతువులా కనిపిస్తున్నాయన్నారు. వరద కొట్టుకొచ్చిన మట్టిలో అలా కలవడం సహజం. మలేరిలోనే ఇలాంటిది ఇంకొకటి ఉంది. ఆయనే 1987లో వర్ణించిన చిన్న డైనోసార్ వాకేరియా. ఆ పేరు అప్పటికే వేరే జీవికి ఉండడంతో 1994లో ఆల్వాకేరియా అయింది. తర్వాత పరీక్షించినవాళ్లు అందులో తల ముక్కలు వేరే సరీసృపానివని, తొడ ఎముక, చీలమండ ఎముక మాత్రం డైనోసార్‌వేనని తేల్చారు.

ప్రోటోఏవిస్ విషయంలో నేనూ ఎక్కువమంది పక్షమే. ఈక ముద్ర లేకుండా, ఎముకలు ఒకదానికొకటి అతికి ఉన్నచోట దొరక్కుండా అంత పెద్ద మాటను నిలబెట్టడం కష్టం. అయినా చటర్జీ ప్రయత్నాన్ని చిన్నచూపు చూసే పెద్దమనుషులతో నాకు పేచీ ఉంది. ఆయన వెతికిన కాలం సరైనదే. పక్షి వంశం వేళ్లు ఆ ఎర్రమట్టి కాలంలోనే, తొలి వేట డైనోసార్ల దగ్గరే ఉన్నాయి. గోదావరి లోయలో కాళ్లు అరిగేలా తిరిగిన మనిషికి తప్ప, ఒక పిడికెడు ముక్కల్లో పక్షిని వెతకాలన్న ఆలోచన అంత తేలిగ్గా రాదు.

ఈకను దాచగల రాయి

ఈ లోయలో ఈక ముద్ర దొరికిందన్న వార్త నేను చదవలేదు. దొరకదని మాత్రం ఎవరూ అనకూడదు. కోట పొర ఆర్కియోప్టెరిక్స్ కన్నా పాతది. దాని సున్నపురాయి ఒకప్పటి మంచినీటి చెరువు అడుగు. జోల్న్‌హోఫెన్‌ది సముద్రపు కయ్య. కోట రాయిలో చేపల పొలుసులు నిలిచాయి, పురుగులు నిలిచాయి. పురుగు నిలిచిన రాయిలో ఈక నిలవకూడదని ఏమీ లేదు. వెతికే కళ్లు కావాలి, పలకలు ఓపిగ్గా చీల్చాలి.

ఎముకల వైపు నుంచి ఇప్పటికే ఒక జాడ ఉంది. యాదగిరి 1982లో కోట పొర నుంచి ఒక తుంటి ఎముక ముక్కకు దండకోసారస్ అని పేరు పెట్టారు, వేట డైనోసార్‌దే గానీ ఒక్క ముక్కతో అంతకుమించి చెప్పలేం. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, వరుణ్ పర్మార్ ఇంకో పద్ధతిలో పోయారు. పెద్ద ఎముకల కోసం చూడకుండా మట్టినే బస్తాల కొద్దీ తీసుకెళ్లి, నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరడం ఆ పద్ధతి. ఎలుకంత పాలిచ్చే జంతువుల పళ్లు ఇలాగే దొరుకుతాయి. 2020లో వాళ్లు కోట పొర నుంచి చిన్న వేట డైనోసార్ల పళ్లను వర్ణించారు. వాటిలో కొన్ని డ్రోమియోసారిడ్‌ల పళ్లను పోలి ఉన్నాయి. డైనోనికస్, మైక్రోరాప్టర్ ఆ కుటుంబంలోవే. పక్షికి బాగా దగ్గరి పాలోళ్లలో వాళ్లూ ఉన్నారు. పన్ను ఒక్కటే దొరికినప్పుడు పోలికను పోలిక అనే చెప్పాలి. కానీ ఆ పన్ను ఊడినచోట ఒక ఒళ్లుంది, ఆ ఒంటికి ఈకలుండే అవకాశం ఉంది.

6.6 కోట్ల ఏళ్ల కిందట ఆకాశం నుంచి పడ్డ గ్రహశకలంతో, అదే కాలంలో దక్కన్‌లో పొంగిన లావాతో ఈ వంశంలో పెద్ద ఇండ్లన్నీ ఆరిపోయాయి. ఆ లావా రాళ్లు ఆదిలాబాద్, వికారాబాద్ వైపు ఇవాళ్టికీ కనిపిస్తాయి. మిగిలింది పక్షి. బెజ్జూరు అడవిలో, ప్రాణహిత దగ్గరే, పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నట్టు 2013లో బయటపడింది. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందుతో దేశమంతటా రాబందులు అంతరిస్తుంటే ఇక్కడ కొన్ని నిలదొక్కుకున్నాయి. చచ్చిన డైనోసార్లున్న లోయలోనే బతికున్న వాటికీ రక్షణ కావాలి. ఆ మందును 2006లో పశువులకు నిషేధించారు. మనుషులకు వాడేదాన్ని పశువులకు పొడిస్తే నిషేధం ఉండీ లాభం లేదు, కాబట్టి మందుల దుకాణంలో అడిగేముందు జగిత్యాల, సిరిసిల్ల రైతులు కూడా ఆలోచించాలి.

సిరిసిల్ల 63వ నంబరు రహదారి మీద లేదు. కానీ 2019లో మేడిగడ్డ దగ్గర ఎత్తిపోసిన నీళ్లు మిడ్ మానేరుకు చేరాయి. మేడిగడ్డ ప్రాణహిత కూడలికి దిగువన ఉంది. కోట ఊరి ఒడ్డు ఒరుసుకుని వచ్చిన నీళ్లే సిరిసిల్ల జిల్లా దాకా వచ్చాయన్నమాట. ఆ లోయ సిరిసిల్లకు పరాయిది కాదు.

జగిత్యాల పిల్ల కోటసారస్‌ను చూడాలంటే హైదరాబాద్ పోవాలి. బరపాసారస్‌ను చూడాలంటే కోల్‌కతా పోవాలి. మలేరిరాప్టర్ ఎముకలు దొరికి పేరు రావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. మంచిర్యాలలోనో చెన్నూరులోనో ఒక శిలాజ మ్యూజియం పెట్టడం రాష్ట్ర ప్రభుత్వానికి మోయలేని భారం కాదు. అసలు ఎముకలు హైదరాబాద్, కోల్‌కతాల్లోనే ఉన్నా పరవాలేదు, అచ్చు నమూనాలు చేయించి నిలబెట్టినా చాలు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రభుత్వ బడుల పిల్లలు ఒక రోజులో పోయి రావచ్చు. బొగ్గుబాయిని, ఎర్రమట్టిని, సున్నపురాయిని ఒకే తొవ్వలో చూపించే పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు.

శిలాజాలను కాపాడటానికి కేంద్రం 2022లో భూ వారసత్వ ప్రదేశాల బిల్లు ముసాయిదా విడుదల చేసింది. అది చట్టమయ్యేదాకా అయినా, అయ్యాక అయినా, మొదటి కాపలా పొలం దున్నే రైతుదే, గొర్లు కాసే మనిషిదే. చెన్నూరు, వేమనపల్లి, బెజ్జూరు వైపు చుట్టాలున్నవాళ్లు ఒక మాట చెప్పండి. మట్టిలో మామూలు రాయిలా బరువుగా, విరిగినచోట లోపల చిన్న రంధ్రాల జాలీ కనిపించే ముక్క దొరికితే పెకలించొద్దు, పగలగొట్టొద్దు, ఇంటికి తెచ్చుకోవద్దు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసి, చోటు గుర్తు రాసుకుని, హైదరాబాద్ బండ్లగూడలోని భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి తెలియజేయండి. సున్నపురాయి పలకలు తీసే చోటైతే, పలక చీలినప్పుడు లోపలి ముఖాన్ని ఒకసారి వాలుగా ఎండకు పట్టి చూడండి.